జమోవి తెర మీద అమ్మ షుగర్ పుస్తకం

మా అమ్మకి షుగర్ వచ్చి పదకొండేళ్ళయింది. నాన్నగారు పోయాక రాజమండ్రిలో ఒక్కత్తే ఉంటోంది. తమ్ముడు హైదరాబాద్‌లో, నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. రోజూ ఫోన్‌లో "షుగర్ ఎంతుందమ్మా?" అని నేను అడగడం, "బాగానే ఉందే" అని ఆవిడ అనడం ఇద్దరికీ అలవాటైపోయింది. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇదే మాట ఇదే వరసలో నడుస్తూ ఉంటుందనుకుంటాను.

పోయిన నవంబర్‌లో ఒకరోజు మా పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "మొన్న సాయంత్రం మీ అమ్మ వీధి అరుగు మీద కూలబడిపోయింది. ఒళ్ళంతా చెమటలు. పంచదార నీళ్ళు కలిపి తాగించాను. నేను చెప్పానని అనకమ్మా" అన్నారు. అమ్మని అడిగితే "గ్యాస్ పట్టేసిందే, అంతే" అంది. తమ్ముడికి చేస్తే, "అక్కా, మీటర్‌లో సగటు నూట నలభై లోపే ఉంది. డాక్టరుగారు కూడా బాగుందనే అన్నారు. నువ్వు అక్కడ కూర్చుని కంగారు పడకు" అన్నాడు.

వాడు మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ 'అక్కడ కూర్చుని' అన్న మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. అక్కడ కూర్చుని నేను చేయగలిగింది ఏదైనా ఉందా అని ఆలోచించాను. అమ్మ దగ్గర ఎవరో ఇచ్చిన పాత డైరీ ఒకటుంది. షుగర్ చూసుకున్నప్పుడల్లా అందులో తేదీ, ఎప్పుడు చూసుకుందో, ఎంత వచ్చిందో రాసుకుంటుంది. ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి పంపమన్నాను. "ఇవన్నీ ఎందుకే నీకు?" అంది గానీ పంపింది.

నేను బీఎస్సీలో మాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివాను. పెళ్ళి, ప్రయాణం, పిల్లలు. పట్టా పెట్టె అడుగున ఉండి పన్నెండేళ్ళయింది. మా రోజుల్లో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ అంటే గ్రాఫు కాగితం, క్యాలిక్యులేటర్, రికార్డు పుస్తకం. కంప్యూటర్‌లో చేసే సాఫ్ట్‌వేర్ల పేర్లు వినడమే తప్ప ముట్టుకున్నది లేదు. ఈసారి ముట్టుకున్నాను. ఆ సంగతే ఈ నెల మీకు చెబుదామని.

ఏ సాఫ్ట్‌వేర్?

యూనివర్సిటీల్లో ఎక్కువగా వినిపించే పేరు ఎస్పీఎస్ఎస్. 1968లో మొదలైన పాత కాపు, ఇప్పుడు ఐబీఎమ్ వాళ్ళది, డబ్బు కట్టాలి. ఉచితంగా దొరికే వాటిలో పెద్దది 'ఆర్'. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టింది. చాలా గట్టిది, కానీ ప్రతి పనికీ ఆజ్ఞ టైప్ చేయాలి. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చాక దొరికే రెండు గంటల్లో అది నేర్చుకోవడం నా వల్ల కాదనిపించింది.

చివరికి నేను దించుకున్నది జమోవి. లోపల లెక్కలు చేసేది ఆ ఆర్ భాషే, పైన మాత్రం మనకి ఎక్సెల్ లాంటి గళ్ళు, మెనూలు కనిపిస్తాయి. పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. వాళ్ళ సైట్‌లో 'సాలిడ్', 'కరెంట్' అని రెండు రకాలు కనిపిస్తే తికమక పడకండి. సాలిడ్ అంటే బాగా పరీక్షకి నిలిచినది. మనలాంటి కొత్తవాళ్ళకి అదే మంచిది. ఇంకో సంగతి, కంప్యూటర్‌లో ఎక్కించుకున్న జమోవి మన దగ్గరే పనిచేస్తుంది. అమ్మ ఒంటి లెక్కలు ఇంకెవరి కంప్యూటర్‌కో ఎక్కించాల్సిన పని లేదు.

మొదటిసారి తెరిస్తే

తెర రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమ వైపు ఖాళీ గళ్ళు, ఏ, బీ, సీ అని మూడు కాలమ్‌లు. కుడి వైపు జమోవి బొమ్మ తప్ప ఏమీ ఉండదు. అంత ఖాళీ చూసి నేను ఏదో తప్పు నొక్కాననుకున్నాను. తప్పేమీ లేదు. ఎడమ వైపు మనం ఇచ్చేది, కుడి వైపు అది చెప్పేది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం భయం పోతుంది.

పైన ఎడమ మూల మూడు అడ్డగీతలు ఉంటాయి. ఫైలు తెరవడం, దాచడం, బయటికి పంపడం అన్నీ అక్కడే. దాని పక్కన వరసగా 'వేరియబుల్స్', 'డేటా', 'ఎనాలిసిస్', 'ఎడిట్' అని ఉంటాయి. డేటా నొక్కితే గళ్ళు, వాటిని సరిచేసే పనిముట్లు వస్తాయి. ఎనాలిసిస్ నొక్కితే లెక్కల పెట్టె తెరుచుకుంటుంది: ఎక్స్‌ప్లొరేషన్, టీ-టెస్ట్‌లు, అనోవా, రిగ్రెషన్, ఫ్రీక్వెన్సీస్, ఫ్యాక్టర్. మనకి ఇవాళ కావలసింది మొదటిది ఒక్కటే. మిగతావాటి జోలికి వెళ్ళనక్కర్లేదు.

అమ్మ డైరీని నేను ముందు ఎక్సెల్‌లో కొట్టుకున్నాను. మూడు కాలమ్‌లు: తేదీ, వేళ, షుగర్. వేళ అంటే మూడు రకాలు: పరగడుపు, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి, సాయంత్రం. మొత్తం 313 వరసలు, మే నుంచి నవంబర్ దాకా. నాలుగు రాత్రులు పట్టింది. అమ్మ రాసే ఏడు, ఒకటి ఒకేలా ఉంటాయి. మా ఆయన పక్కన కూర్చుని చదివితే నేను కొట్టాను. ఒక ముఖ్యమైన నియమం: ఒక్కో వరసలో ఒక్క రీడింగే ఉండాలి. రోజుకి మూడు రీడింగులు ఉంటే మూడు వరసలు. ఒకే గడిలో '118/162' అని రాస్తే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని రెండుగా చదవదు.

మూడు గీతలు నొక్కి, 'ఓపెన్' అని, ఆ ఎక్సెల్ ఫైలు చూపించాను. గళ్ళు నిండాయి. ఇక సగటు రావడమే ఆలస్యం అనుకున్నాను.

మొదటి దెబ్బ: ఒక్క మాట

ఎనాలిసిస్‌లో ఎక్స్‌ప్లొరేషన్, అందులో డిస్క్రిప్టివ్స్ నొక్కాను. మన కాలమ్‌ల పేర్లు ఒక పెట్టెలో వచ్చాయి, పక్కన ఖాళీ పెట్టెలు ఉన్నాయి. షుగర్ మీద నొక్కి, మధ్యలో ఉన్న బాణం గుర్తు నొక్కితే అది 'వేరియబుల్స్' పెట్టెలోకి జరిగింది. 'ఓకే' బటన్ కోసం కాసేపు వెతికాను. లేదు! జమోవిలో అది ఉండదు. పెట్టెలో వేసిన మరుక్షణం కుడి వైపు పట్టిక వచ్చేస్తుంది.

పట్టిక వచ్చింది గానీ సగటు ఉండాల్సిన చోట ఖాళీ.

అరగంట తల బద్దలు కొట్టుకున్నాను. కారణం చూస్తే, సెప్టెంబర్‌లో ఒకరోజు అమ్మ అంకె బదులు 'స్ట్రిప్పు లేదు' అని రాసింది. నేను దాన్ని అలాగే కొట్టేశాను. 313 గళ్ళలో ఒక్క గడిలో మాట ఉన్నందుకు జమోవి కాలమ్ మొత్తాన్ని మాటల కాలమ్ అనుకుంది. మాటలకి సగటు తీయడం ఎవరి వల్ల అవుతుంది?

ఇక్కడే 'సెటప్' అనేది అర్థం చేసుకోవాలి. కాలమ్ పేరు మీద రెండుసార్లు నొక్కితే పైన ఒక పలక దిగుతుంది. అందులో రెండు ప్రశ్నలుంటాయి. ఒకటి, ఈ గళ్ళలో ఉన్నది ఏమిటి: పూర్ణాంకమా, దశాంశమా, మాటా? రెండోది, ఇది ఏ జాతి కొలత? నామినల్ అంటే పేరు మాత్రమే, ఊరు పేరు, రక్తం గ్రూపు లాగా. ఆర్డినల్ అంటే వరస ఉన్నది, కారం తక్కువ, మధ్యస్తం, ఎక్కువ అన్నట్టు. కంటిన్యువస్ అంటే నిజంగా కొలిచేది, ఎత్తు, బరువు, షుగర్. దీని గుర్తు చిన్న స్కేలు బొమ్మ. ఈ జాతుల విభజన 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసంలోది. మా లెక్చరర్ బోర్డు మీద రాయించినప్పుడు దీంతో పనేముందిలే అనుకున్నాను. పనుంది. పెట్టెల్లో ఏది పడుతుందో, ఏ లెక్క వస్తుందో దీన్ని బట్టే.

ఆ గడి ఖాళీ చేశాను. సెటప్‌లో దశాంశం అని, కంటిన్యువస్ అని మార్చాను. పట్టిక దానంతటదే నిండింది. ఎన్ 312, మిస్సింగ్ 1. రీడింగ్ లేని చోట గడి ఖాళీగానే వదిలేయండి. సున్నా మాత్రం పెట్టకండి. ఖాళీ అంటే తెలియదని, సున్నా అంటే షుగర్ సున్నా అని! సగటు అబద్ధం చెప్పడం అక్కడే మొదలవుతుంది.

రెండో దెబ్బ: రెండు గుట్టలు

సగటు 109 వచ్చింది. ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయాను, సంతోషించాను కూడా. కిందే 'మినిమమ్' అన్న వరస చూస్తే 5.6. షుగర్ 5.6 ఉన్న మనిషి మనతో ఫోన్‌లో మాట్లాడదు కదా.

డిస్క్రిప్టివ్స్ కిందనే 'ప్లాట్స్' అని ఉంటుంది. దాన్ని తెరిచి హిస్టోగ్రామ్ దగ్గర టిక్కు పెట్టాను. బొమ్మలో రెండు గుట్టలు వచ్చాయి. ఒకటి సున్నా దగ్గర సన్నగా, ఇంకొకటి నూట ముప్పై దగ్గర వెడల్పుగా. అప్పుడు తట్టింది. మే, జూన్ నెలలు అమ్మ మా ఇంట్లో ఉంది. తెచ్చుకున్న స్ట్రిప్పులు అయిపోతే ఇక్కడే ఒక మీటర్ కొన్నాం. బ్రిటన్‌లో షుగర్ కొలత మిల్లీమోల్స్‌లో చెబుతారు, ఇండియాలో మిల్లీగ్రాముల్లో. ఇక్కడి 7.6 అక్కడి 137తో సమానం. సుమారుగా 18తో హెచ్చవేస్తే సరిపోతుంది. అమ్మ ఏ మీటర్‌లో ఏది కనిపిస్తే అది రాసుకుంది, నేను ఏది కనిపిస్తే అది కొట్టాను. 312లో 70 రీడింగులు ఇక్కడివే.

ఒక్కో గడీ దిద్దక్కర్లేదు. డేటా మెనూలో 'కంప్యూట్' నొక్కితే కొత్త కాలమ్ వస్తుంది, దానికో సూత్రం ఇవ్వవచ్చు. ఎక్సెల్‌లో రాసే 'ఇఫ్' సూత్రమే: షుగర్ 30 కన్నా తక్కువైతే దాన్ని 18తో హెచ్చవేయి, లేకపోతే ఉన్నదే ఉంచు. 30 కన్నా తక్కువ మిల్లీగ్రాములు అమ్మ డైరీలో లేవని, 30 మిల్లీమోల్స్ దాకా ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదని ముందే చూసుకున్నాను. పాత కాలమ్ అలాగే ఉంటుంది, చెరిగిపోదు. అమ్మ రాసింది అమ్మ రాసినట్టు ఉంచి, నేను చేసింది పక్కన పెట్టుకోవడం నాకు నచ్చింది.

కొత్త కాలమ్‌కి సగటు 138. తమ్ముడు చెప్పిందే. వాడి మాట నిజమే. మరి పిన్నిగారు చెప్పిన చెమటలో?

విడదీసి చూస్తే

వేరియబుల్స్ పెట్టె కింద 'స్ప్లిట్ బై' అని ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. నన్నడిగితే ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా విలువైన గడి అదే. అందులోకి 'వేళ' జరిపాను. ఒక్క పట్టిక మూడుగా విడిపోయింది.

పరగడుపు: 160 రీడింగులు, సగటు 122. భోజనం తర్వాత: 121 రీడింగులు, సగటు 164. సాయంత్రం: 31 రీడింగులు, సగటు 125.

సాయంత్రం 125 అంటే చూడముచ్చటగా ఉంది. కానీ సగటు కింద ఉన్న స్టాండర్డ్ డీవియేషన్, అదే మనం తెలుగు మీడియంలో చదువుకున్న ప్రామాణిక విచలనం, పరగడుపుకి 14, సాయంత్రానికి 44. అంటే సాయంత్రాల అంకెలు సగటు చుట్టూ లేవు, చెల్లాచెదురుగా ఉన్నాయి. మినిమమ్ 57. హిస్టోగ్రామ్‌లో మళ్ళీ రెండు గుట్టలు, ఒకటి అరవైల దగ్గర, ఒకటి నూట యాభై దగ్గర. మధ్యలో 125 దగ్గర దాదాపు ఖాళీ. ఒక్క సాయంత్రం కూడా అమ్మ షుగర్ ఆ సగటులా లేదు. కింద పడినవీ పైకి లేచినవీ కలిసి ఒక మంచి అంకెగా తయారై కూర్చున్నాయి.

డేటాలో 'ఫిల్టర్స్' నొక్కి, షుగర్ 70 కన్నా తక్కువ అని రాశాను. డెబ్భై కన్నా దిగితే తక్కువ షుగర్ కిందే లెక్క. ప్రతి వరస పక్కనా టిక్కో ఇంటూయో పడింది. టిక్కు పడినవి తొమ్మిది. తొమ్మిదీ సాయంత్రాలే. తేదీలు కాగితం మీద రాసుకున్నాను. జులై 12, జులై 26, ఆగస్టు 2, 16, 23, సెప్టెంబర్ 6, 20, అక్టోబర్ 11, నవంబర్ 3. చూస్తూ ఉంటే తేదీల మధ్య దూరాలు ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, లేచి చూశాను. మొదటి ఎనిమిదీ శనివారాలు. చివరిది ఒక్కటే సోమవారం. కార్తీక సోమవారం.

నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ ఒక్కపొద్దులుంటోంది.

సాఫ్ట్‌వేర్ చెప్పనిది

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శనివారం అని జమోవి చెప్పలేదు. అది తొమ్మిది వరసలు చూపించింది, అంతే. ఎందుకు అన్నది దానికి తెలియదు. నాకూ నిజంగా తెలియదు, ఊహ మాత్రమే. అమ్మ సాయంత్రం పూట రోజూ చూసుకోదు, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడే చూసుకుంటుంది. కాబట్టి ఈ 31 సాయంత్రాలు అన్ని సాయంత్రాలకీ సాక్ష్యం కావు. ఇది కూడా డిగ్రీలో చదివిందే. మన ముందుకొచ్చిన అంకె ఎలా వచ్చిందో అడగకుండా దాన్ని నమ్మకూడదు. అడగాల్సింది అమ్మనే.

ఫోన్ చేశాను. "అమ్మా, శనివారం ఏం తింటావు?"

కాసేపు మాట లేదు. "ఎవరు చెప్పారు నీకు? పక్కింటావిడా?"

"నీ డైరీయే చెప్పింది."

"పొద్దున్న కాఫీ తాగి మాత్ర వేసుకుంటా. రాత్రి దీపం పెట్టాక ఉప్మా తింటా. దానికేం?"

"మధ్యాహ్నం ఏమీ తినవా? మాత్ర వేసుకుని?"

"ఒక్కపొద్దంటే తింటారుటే?"

నాన్నగారికి ఆపరేషన్ అయినప్పుడు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుందట, ప్రతి శనివారం ఉంటానని. మా ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు చూస్తారని, నేను గొడవ పెడతానని ఆ రెండు నెలలూ మానుకుందట. వెళ్ళగానే మళ్ళీ పట్టింది. నేను ఉండబట్టలేక, "నాన్నగారే లేరు కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఆయన కోసం మొక్కింది ఆయన పోతే మానేస్తారా ఏంటే?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. పట్టికలో ఏ వరసలోనూ లేదు. ఉపవాసం మానేయమని నేను అనలేదు. అంటే అమ్మ మానేది కాదు, డైరీలో రాయడం మానేసేది. "డాక్టరుగారికి ఈ సంగతి చెప్పావా?" అని మాత్రం అడిగాను. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అంది.

సాయంత్రాల హిస్టోగ్రామ్, ఆ తొమ్మిది తేదీలు ఒక పేజీలో పెట్టాను. మూడు గీతల మెనూలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే కుడి వైపున్న ఫలితాలన్నీ పీడీఎఫ్‌గా వస్తాయి. తమ్ముడికి పంపాను. వాడు చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, "అక్కా, ఈ ఆదివారం రాజమండ్రి వెళ్తున్నా. సోమవారం అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా" అన్నాడు. వెళ్ళాడు. డాక్టరుగారు ఆ పేజీ చూసి, పక్కన పెట్టి, అమ్మనే అడిగారట, "అమ్మా, ఉపవాసాలున్నాయా?" అని. కొన్ని రకాల షుగర్ మాత్రలు, గ్లిమెపిరైడ్ లాంటివి, వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చని చెప్పారట. అమ్మ వేసుకుంటున్నది ఆ రకమే. ఆయన మందులో ఏం మార్చారో, ఉపవాసం రోజు ఏం చేయమన్నారో ఇక్కడ రాయను. అది అమ్మ ఒంటికి చెప్పింది. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే మీ డాక్టరుగారినే అడగండి, ఈ శీర్షికని కాదు.

మీరు మొదలుపెడితే

ఇంటి కరెంటు బిల్లులైనా, పిల్లల ఎత్తు బరువులైనా, పెద్దవాళ్ళ బీపీ అయినా, అరవై డెబ్భై వరసలుంటే చాలు, నేర్చుకోవడానికి సరిపోతుంది. నాకు ఉపయోగపడిన నాలుగు సంగతులు చెబుతాను.

ఒకటి, లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి కాలమ్‌కీ సెటప్ తెరిచి జాతి సరిచూసుకోండి. జమోవి తానే ఊహిస్తుంది, చాలాసార్లు సరిగ్గానే ఊహిస్తుంది, కానీ మన డేటా గురించి మనకే ఎక్కువ తెలుసు.

రెండు, సగటు చూసే ముందు మినిమమ్, మాక్సిమమ్, హిస్టోగ్రామ్ చూడండి. బియ్యంలో రాయి ఉందో లేదో వండకముందే చూస్తాం కదా.

మూడు, లెక్కల పలక మూసేయడం ఎలాగో తెలియక నేను మొదటిరోజు ప్రోగ్రామ్ మొత్తాన్నే మూసేశాను. ఆ పలక పై మూల చిన్న బాణం ఉంటుంది, అది నొక్కితే గళ్ళు మళ్ళీ కనిపిస్తాయి. కుడి వైపు ఫలితం మీద నొక్కితే పలక మళ్ళీ వస్తుంది. మనం పెట్టిన టిక్కులు ఎక్కడివక్కడే ఉంటాయి. గళ్ళలో ఒక అంకె దిద్దితే ఫలితం కూడా దానంతటదే మారుతుంది.

నాలుగు, దాచుకున్నప్పుడు డేటా, లెక్కలు, బొమ్మలు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. వచ్చే నెల తెరిచి కొత్త వరసలు చేర్చుకోవచ్చు.

మన సి.ఆర్. రావుగారు గుర్తొస్తారు నాకు. 1920లో హడగలిలో తెలుగు ఇంట్లో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 1943లో కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. పూర్తిచేసిన మనిషి. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. మా డిగ్రీ పుస్తకంలో ఆయన పేరుతో సూత్రం ఉండేది. మార్కుల కోసం బట్టీ పట్టాను. ఆయన కొలిచిన లోతులు నావి కావు. కానీ పన్నెండేళ్ళ తర్వాత సగటు, విచలనం అనే రెండు చిన్న మాటలు నా సొంతమయ్యాయి. జనవరి నుంచి ఇక్కడి లైబ్రరీలో కూర్చుని వారానికి రెండు రోజులు ఆర్ నేర్చుకుంటున్నాను. తర్వాత ఏమవుతుందో చూద్దాం.

అమ్మ మొన్న మళ్ళీ డైరీ ఫోటోలు పంపింది. మూడు కాలమ్‌ల పక్కన నాలుగో గీత కొట్టి, పైన 'తిన్నది' అని రాసుకుంది. పరగడుపు దగ్గర గీత. మధ్యాహ్నం దగ్గర అన్నం, పప్పు, వంకాయ. శనివారం దగ్గర, 'పాలు, రెండు అరటిపళ్ళు. డాక్టరుగారు ఒప్పుకోమన్నారు' అని ఉంది.

దాన్ని జమోవిలో ఏ జాతి కింద వేయాలా అని కాసేపు ఆలోచించాను. నామినల్ అని పెట్టాను.